అందరూ ఛుట్టీ మీదే ఉన్న ఊళ్లు

మా ఇంట్లో ఊరికే ఊరెళ్లే అలవాటు లేదు. సరుకుకో, సంబంధానికో, చావుకో తప్ప మా నాన్న రైలెక్కగా నేను చూడలేదు. బెజవాడ వన్‌టౌన్‌లో మాది స్టీలు సామాన్ల కొట్టు. గిన్నెను చేత్తో ఎత్తి బరువు చెప్పడం, మనిషిని చూసి ఎంత తగ్గిస్తే కొంటాడో చెప్పడం, ఈ రెండే నాకు వచ్చిన విద్యలు. యూనివర్సిటీలో చదివిన ఎమ్మే మూడోది అవుతుందనుకున్నాను, కాలేదు.

అలాంటి నన్ను హాస్టల్ స్నేహితురాలు రజిత తనతో నాలుగు రోజులు తిరగడానికి రమ్మంది. తనది హన్మకొండ. గల్ఫ్ దేశాల్లో పని చేసి తిరిగొచ్చినవాళ్ల వివరాలు సేకరించే ఒక సంస్థలో ఉద్యోగం.

"పోయేటోళ్ల లెక్క ఏదో ఒక ఆఫీసుల దొరుకుతది. వాపస్ వచ్చినోళ్ల లెక్క ఎవ్వలకాడ లేదే. ఎవరొచ్చిండ్రు, ఏం పని నేర్చుకొని వచ్చిండ్రు తెల్వకుంట సర్కారు ఏం సాయం జేస్తది? తలా ఒక బర్రెనిచ్చి చేతులు దులుపుకుంటది" అంది ఫోన్లో.

తోడు రావలసిన అమ్మాయి బందులకు భయపడి మానుకుందట. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా దీక్షా శిబిరాలు నడుస్తున్న రోజులవి. బస్సు ఎక్కడం మన చేతిలో ఉండేది, దిగడం మాత్రం ఉద్యమం చేతిలో ఉండేది.

రోజుకు ఎంతిస్తావని అడిగాను. చాలాసేపు బేరమాడుకున్నాం. భోజనాలు తనవి, టీలు నావి అని తేలింది. గెలిచానన్న సంతోషంతో ఫోన్ పెట్టేశాక గాని నాకు జీతమే లేదన్న సంగతి తట్టలేదు.

మా అమ్మ మాత్రం రైలెక్కేముందు ఒకే మాట చెప్పింది. "అక్కడ నోరెత్తకే వాసవీ. 'అండీ' అన్నావంటే పట్టేస్తారు."

మానుకోట

స్టేషన్ బోర్డు మీద మహబూబాబాద్ అని ఉంటుంది. జనం నోట్లో మానుకోట. బెజవాడ నుంచి పొద్దున రైలెక్కితే ఎండ ముదరకముందే దిగిపోవచ్చు. ఇంత దగ్గరగా ఉన్న ఊరికి ఇన్నేళ్లు ఎందుకు రాలేదా అనుకున్నాను. ఇక్కడ మాకు చుట్టాలు లేరు, హోల్‌సేల్ లేదు. కారణం అంతే.

రజిత స్టేషన్లోనే కలిసింది. ఊరికి కొంచెం దూరంలో ఉన్న ఒక లంబాడా తండాకు వెళ్లాం. తండా పెద్దాయన మంచం వాల్చి కూర్చోబెట్టాడు. రజిత నేరుగా విషయానికొచ్చింది.

"బాపూ, మీ తండల దుబాయ్ నుంచి వాపస్ వచ్చినోళ్లు ఎంతమంది ఉన్నరు?"

"ఒక్కడు గూడ లేడు బిడ్డా."

నేను పక్కకు చూశాను. చింతచెట్టు కింద కొందరు మగవాళ్లు పేకాడుతున్నారు. వాళ్లలో సగం మంది ఒంటి మీద జేబు పైన అరబ్బీ అక్షరాలు కుట్టిన నీలం చొక్కాలు.

"మరి వాళ్లు?" అంది రజిత.

"గాళ్లా? గాళ్లు ఛుట్టీ మీద వచ్చిండ్రు."

ఛుట్టీ అంటే సెలవు. ఆటలో ఉన్న ఒకతన్ని ఎప్పుడొచ్చావన్నా అని అడిగాం.

"మొన్ననే అక్కా. పత్తి ఏరేటప్పుడు."

"ఏ ఏడు పత్తి?"

అతను ముక్కలు సర్దుకున్నాడు. పక్కవాడు జవాబిచ్చాడు. "మొన్నటి ముందల ఏడు. కంపెనోళ్లు బాగ పెద్ద ఛుట్టీ ఇచ్చిండ్రు." అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, కానీ ముక్కల్లోంచి తల ఎత్తలేదు.

పెద్దాయన భార్య మక్క గారెలు పెట్టింది. లేత మొక్కజొన్న గింజలు, పచ్చిమిర్చి రోట్లో కచ్చాపచ్చాగా దంచి వేసినవి. మా మినప గారెల కంటే తియ్యగా, గరుకుగా ఉన్నాయి. నాలుగు తిన్నాక గాని గమనించలేదు, వీటికి చిల్లు లేదు. అమ్మ మాట మరిచిపోయి అడిగేశాను.

"మా గారెకు మధ్యలో చిల్లుంటుందండీ. మీకెందుకు లేదు?"

"చిల్లుకు గూడ పైసలు తీస్కుంటరా మీ తాన?" అంది ఆమె. అని ఇంకో రెండు వేసింది.

సాయంత్రం లాడ్జిలో రజిత తల పట్టుకుంది. "ఛుట్టీ మీద వచ్చినోడంటే ఇంకా దుబాయ్ మనిషే. పెండ్లిల ముందర కుర్చీ, హోటల్ల గౌరవం. వాపస్ వచ్చిండంటే ఏమైతదో తెలుసా? పని పోయిందంటరు, ఏజెంటు ముంచిండంటరు, గాడేం జేసి వచ్చిండో అంటరు. గందుకే ఎవ్వలూ ఒప్పుకోరు. గిట్లయితే నేనేం రాయాలె? మూడు మండలాలు తిరిగిన, ఎవ్వలూ తిరిగి రాలేదు అని రాయాల్నా?"

నాకు ఇది వింతగా అనిపించలేదు. మా బజార్లో కొట్టు దెబ్బతిన్నవాడు తలుపులు మూసి 'స్టాకు లెక్కింపు జరుగుచున్నది' అని బోర్డు పెడతాడు. మా ఎదురు కొట్లో నా స్కూలు రోజుల్లో మొదలైన లెక్కింపు నా ఎమ్మే అయ్యేదాకా నడిచింది. ఇన్నేళ్లు ఏం లెక్కపెడుతున్నాడని మాలో ఒక్కరూ అడగలేదు.

పాలకుర్తి

మర్నాడు పాలకుర్తికి ఆటో అతను ఇరవై అన్నాడు. నేను ఐదన్నాను.

"ఐదు రూపాయలకు ఆటోను చూపెడత అక్కా. ఎక్కనియ్య."

"ఎనిమిది."

"ఎనిమిదికి ఒక కాలు పెట్టి నిలబడు."

పన్నెండు దగ్గర కుదిరింది. రజిత వైపు విజయగర్వంతో చూశాను. ఆటో కదిలిన కాసేపటికి ఒక ముసలాయన ఎక్కాడు, తర్వాత ఇద్దరు ఆడవాళ్లు, ఆ తర్వాత ఒక మేక. పురుగుమందు డబ్బా ఒకటి నా ఒళ్లోకి వచ్చింది. ఊరు చేరేసరికి నా చీర వాసనకు పత్తి పురుగులు చచ్చేలా ఉన్నాయి. ఇరవై ఇచ్చి ఉంటే మేమిద్దరమే వెళ్లేవాళ్లమట, దిగాక చెప్పాడు.

అతని పేరు యాకూబ్. ఈ ప్రాంతంలో ఇంటికొక యాకూబో, యాకయ్యో ఉంటాడు. ఒక దర్గా మీది భక్తితో హిందువులూ ముస్లింలూ పిల్లలకు ఆ పేరే పెట్టుకుంటారు. ముప్పై అయిదేళ్లుంటాయి, నల్ల కళ్లద్దాలు. ఆటో తోలుతూ ఒక్కసారి కూడా వెనక్కి తిరగకుండా అందరితో మాట్లాడాడు.

"ఆటో మా బావది. నేను ఛుట్టీ మీద వచ్చిన. ఊకె కూసుంటే పొద్దు పోదని తోల్తున్న."

రజిత నా మోచేతిని నొక్కింది. అక్కడేం పని అని అడిగింది.

"టవర్ క్రేన్ అక్కా. బిల్డింగు కంటె ఎత్తుల డబ్బా ఉంటది, అండ్ల నేనొక్కణ్నే. కిందికెల్లి వాకీటాకీల చెప్తరు, ఎత్తుమంటే ఎత్తుడు, దించుమంటే దించుడు. పొద్దున ఎక్కితే మాపటికి దిగుడు. అన్నం గూడ పైన్నే. గాలొస్తే డబ్బా ఊగేది, మొదట్ల మస్తు భయమైతుండె. తర్వాత తర్వాత కిందికి దిగితెనే భయమయ్యేది." ఆ మాటకు తనే నవ్వాడు.

ఎండగా ఉందని ఇంటికి రమ్మన్నాడు. పెంకుటిల్లు, ముందు చిన్న రేకుల వరండా. తల్లి హుస్సేన్‌బీ మమ్మల్ని చూడగానే చాప పరిచి, మేము అడగకుండానే మొదలుపెట్టింది.

"మావోడు ఛుట్టీ మీద వచ్చిండు బేటా. వచ్చే నెల పోతడు. కంపెనోళ్లు రోజు ఫోన్లే. యాకూబ్ లేకుంటే పని నడుస్తలేదంటరు."

యాకూబ్ గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆమె టీ పెట్టడానికి లేచింది. నా కళ్లు అలవాటుగా గిన్నెల మీదికి పోయాయి. ఎవరింటికెళ్లినా దేవుడి పటం కంటే ముందు నాకు గిన్నెల గూడు కనిపిస్తుంది. పొయ్యి పక్కన ఒక కుక్కర్ ఉంది. మన దగ్గర దొరికే రకం కాదు. అడుగు నల్లగా మాడి ఉంది, పిడి విరిగితే ఇనుప తీగ చుట్టారు.

సెలవు మీద వచ్చేవాడు కొత్త సామాను తెస్తాడు. సెంటు సీసా, సబ్బులు, దుప్పటి, టార్చిలైటు. పాత కుక్కర్ అక్కడి గదిలోనే ఉంటుంది, మళ్లీ వెళ్లి వండుకోవాలి కదా. పిడి విరిగిన కుక్కర్‌ను విమానంలో మోసుకొచ్చినవాడు మళ్లీ వెళ్లడు.

నా చూపు హుస్సేన్‌బీ పట్టుకుంది.

"రూంల చోరీలు ఎక్కువైనయట. గందుకని తెచ్చుకున్నడు" అంది.

నా నోటి దాకా ఏదో వచ్చింది. రజిత ఈసారి మోచేయి నొక్కలేదు, గిల్లింది. టీ తాగి లేచాం.

బయటికొచ్చాక విషయం చెప్పాను. రజిత దారి మీదే నిలబడిపోయింది.

"భూపాలపల్లిల పెద్ద కట్టుబడి నడుస్తంది. క్రేన్ మనుషులు దొరకక ఎక్కడెక్కడికెల్లో తెస్తున్నరట. ఎల్లుండి ఆ సైటు పెద్దాయన్ని కలుస్తున్న. ఈన పేరు చెప్తే పని దొరుకుతదే. కానీ ఛుట్టీ మీదున్నోని పేరు ఎట్ల జెప్త?"

యాకూబ్ మమ్మల్ని బస్సు దగ్గర దింపుతానన్నాడు. ఈసారి మేక లేదు. రజిత అతనికి భూపాలపల్లి సంగతి చెప్పింది. అతను చాలా శ్రద్ధగా విన్నాడు. క్రేన్ ఏ కంపెనీది, ఎత్తెంత, అని అడిగాడు. ఆ తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"మా అమ్మీ గలీ అంత చెప్పుకున్నది అక్కా, వచ్చే నెల పోతడని. ఇప్పుడు నేను పోతలేనంటే ఆమె మొఖం ఎట్ల చూపెట్టుకుంటది?"

"ఆటో ఎన్నాళ్లు తోల్తవ్ అన్నా?"

"దసరాకు బావ అమ్ముకుంటడట." కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "అటెనుక ఇంకో ఏజెంటును చూసుకోవాలె." ఫోన్ నంబర్ మాత్రం ఇచ్చాడు. ఆటోకు ఎంత అని అడిగితే, "ఛుట్టీల ఉన్నోడు పైసలు తీస్కుంటడా?" అన్నాడు.

జనగామ దారి

జనగామకు ఇంకా కొంత దూరం ఉందనగా బస్సు ఆగింది. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, వాటి మీద నీళ్లకాగుల్లాంటి గిన్నెలు. వంటా వార్పు. రోడ్డు మీదే వండుకుని రోడ్డు మీదే తిని రాష్ట్రం అడిగే పద్ధతి. మా వైపు రాస్తారోకో అంటే టైర్లు కాలుస్తారు. ఇక్కడ పప్పు ఉడికిస్తున్నారు. బస్సులో ఉన్నవాళ్లందరినీ దింపి విస్తళ్ల ముందు కూర్చోబెట్టారు.

అమ్మ చెప్పింది గుర్తొచ్చి నేను మూగదాన్నయ్యాను. అన్నానికి తల ఊపాను, పప్పుకు తల ఊపాను. పచ్చిపులుసు పోశారు. ఉడకబెట్టకుండా చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నువ్వుల పొడి కలిపిన పులుసు. ఎర్రటి ఎండలో అది గొంతు దిగుతుంటే వ్రతం గంగలో కలిసింది.

"ఇంకొంచెం పోస్తారాండీ?"

వడ్డిస్తున్నామె గరిటె గాల్లో ఆగింది. "ఓహో! ఆంధ్ర నుంచి వచ్చినవా అక్కా? మా పులుసు గూడ పంచుకుంటరా?"

బంతి మొత్తం నా వైపు తిరిగింది. రజిత విస్తరిలోకి తలవంచుకుని నవ్వుతోంది. నాకు తెలిసిన దారి ఒక్కటే, బేరం.

"రెండు గరిటెలు పొయ్యండి. నా వాటా తెలంగాణ మీకు రాసిచ్చేస్తాను."

వెనక నుంచి ఎవరో అరిచారు. "మూడు పొయ్యవే! హైదరాబాద్ గూడ రాయించుకో!"

మూడు పోసింది. బస్సు కదిలేదాకా నన్ను 'రాష్ట్రమిచ్చిన అక్క' అనే పిలిచారు.

బచ్చన్నపేట

మర్నాడు బచ్చన్నపేట వైపు పల్లెల్లో తిరిగాం. నీళ్లకు చెరువును నమ్ముకుని పత్తి వేసే ఊళ్లు. రజిత తన ప్రశ్న మార్చింది. వాపస్ వచ్చావా అని అడగడం మానేసింది. కూర్చోగానే, "వాడిన సామానేం తెచ్చుకున్నవ్ అన్నా?" అంటోంది.

అద్భుతంగా పనిచేసింది. ఒకతను ఇస్త్రీపెట్టె తెచ్చి చూపించాడు. ఇంకొకతను ఆరేళ్లు కప్పుకున్న దుప్పటి. ఇంకొకరి ఇంట్లో అట్లపెనం. మా కుక్కర్ మీది విజిల్ ఎగిరిపోయింది అక్కా, మీ తాన దొరుకుతదా అని ఒకామె నాకు ఆర్డర్ కూడా ఇచ్చింది. సామాను గురించి మొదలైన మాట గదిలో ఎంతమంది ఉండేవాళ్లు, ఎవరు వండేవాళ్లు, ఏం పని, ఎందుకు వదిలేశారు దాకా తనంతట తనే వచ్చేది. వెల్డింగ్ వచ్చినవాడు, లిఫ్టులు బాగుచేసేవాడు, వందల మందికి వండిన వంటవాడు, అందరూ బయటపడ్డారు. ఒక్కరికీ బర్రె అక్కర్లేదు.

"నువ్వు మా ఆఫీసుల చేరరాదూ" అంది రజిత.

"ఎంతిస్తారు?"

"భోజనం మాది, చాయ్ నీది."

కానీ సంతోషం మధ్యలో తనే మళ్లీ అంది. "లెక్కకు ఇది చాలు. మనిషికి చాలదే. యాకూబన్న నోటితోని చెప్పనిదే నేను ఎవ్వలకాడ ఆయన పేరెత్త."

భూపాలపల్లి

మొగుళ్లపల్లిలో బస్సు చెడిపోయి, రోడ్డు పక్కన ఒక అవ్వ దగ్గర సర్వపిండి తిన్నాం. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు కలిపి గిన్నెకు అద్ది కాల్చే రొట్టె. మధ్యలో వేళ్లతో చిల్లులు పెడుతుంది. ఇక్కడ చిల్లులున్నాయి గాని వాటికి పైసలు తీసుకోలేదు. ధర తగ్గించమంటే అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసి, "పట్నపు చీర కట్టినవ్, గాజులేసుకున్నవ్, నా తాన రూపాయి తగ్గించుకొని ఏం మిద్దె కడ్తవ్ బిడ్డా?" అంది. పూర్తి ధర ఇచ్చాను. వృత్తిలో ఇలాంటివి ఉంటాయి.

భూపాలపల్లిలో గాలి కూడా బొగ్గు రంగే. నా తెల్లరుమాలు మధ్యాహ్నానికి మా కొట్లో పాలిషు గుడ్డలా అయ్యింది. సైటు పెద్ద పేరు సత్తిబాబు. భీమవరం వైపు మనిషి. నా యాస వినగానే కుర్చీ తుడిచి మరీ వేశాడు. రజితకు పక్కనున్న బల్ల చూపించాడు. నేను బల్ల మీద కూర్చున్నాను.

"స్థానికులకు పని ఇవ్వట్లేదని రోజూ ధర్నాలండీ. ఇవ్వనని నేనన్నానా? క్రేన్ ఎక్కేవాడు ఒక్కడున్నా చూపించమనండి" అన్నాడాయన.

"ఒకాయన ఉన్నడు సార్, పాలకుర్తిల" అంది రజిత. పేరు చెప్పలేదు.

"ఖాళీగా ఉన్నాడా?"

రజిత ఫోన్ చేతిలోకి తీసుకుంది. నాకైతే బేరం చేతిదాకా వచ్చినప్పుడు గొంతు దురద పెడుతుంది. ఖాళీయేనండీ, రేపే దిగిపోతాడు అనబోయాను. రజిత నా వైపు చూసిన చూపుకు గొంతు దురద తగ్గిపోయింది.

"ఆయననే అడుగుదాం" అని ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టింది.

ఎత్తింది హుస్సేన్‌బీ. భూపాలపల్లి నుంచి అని చెప్పగానే, "మావోడు ఛుట్టీ మీద వచ్చిండు బేటా. వచ్చే నెల పోతడు" అంది ఒకే ఊపులో.

సత్తిబాబు చేతులు చాపాడు. "చూశారా? నెల రోజులకు ఎగిరిపోయేవాణ్ని పైకెక్కించి నేనేం చేసుకోనండీ? పెట్టేయండి."

రజిత పెట్టలేదు. "అమ్మీ, ఒక్కసారి అన్నకు ఇయ్యుండ్రి."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. రజిత విషయం చెప్పింది. సైటు పెద్దసారు పక్కనే ఉన్నారనీ, వింటున్నారనీ చెప్పింది. "మళ్లీ పోతవా, ఉంటవా అని అడుగుతున్నరన్నా. పోతనంటే నీ పేరు సారుకు ఇయ్యను. నీ ఇష్టం."

అవతల ఏమీ వినబడలేదు. ఎక్కడో మేక అరిచింది. నేను పుట్టి పెరిగిన చోట మౌనానికి అర్థం ధర ఇంకా తగ్గించమని. ఇక్కడ తగ్గించడానికి నా దగ్గర ఏమీ లేదు.

"పోను సార్" అన్నాడు యాకూబ్. తర్వాత కొంచెం గట్టిగా, "ఛుట్టీ లేదు, ఏం లేదు. ఆ సైటు బందయింది. నేను వాపస్ వచ్చేసిన. వచ్చి ఏడాది దాటింది."

"ఏందిరా?" అంది దూరం నుంచి హుస్సేన్‌బీ. "పోవా?"

"పోను అమ్మీ."

"పోయే మనసే లేదా నీకు?"

"లేదు."

"మరి గా మాట నాకెందుకు చెప్పలేదురా? నువ్వు పోదామని చూస్తున్నవేమో, ఊరోళ్లు నిన్నొక మాట అంటరని నేను గలీ గలీ తిరిగి అబద్ధాలు చెప్పుకుంట వస్తున్న! ఆ పక్కింటి కాజమ్మ ఎన్నిసార్లడిగింది!"

"నువ్వు చెప్పుకున్నవని నేను ఊకున్న."

"నీ కోసం చెప్పినరా!"

"నీ కోసమే ఊకున్న అమ్మీ!"

సత్తిబాబు పెన్ను మూతపెట్టి తీసి మళ్లీ పెట్టాడు. ఫోన్ దగ్గరకు వంగి, "బాబూ, అది తర్వాత తేల్చుకోండి. సోమవారం రా. పైకెక్కించి చూస్తాను. చెయ్యి బాగుంటే ఉంచుకుంటా" అన్నాడు.

"వస్త సార్" అన్నాడు యాకూబ్. ఇంకేదో అడగబోయి మానుకున్నట్టనిపించింది. ఫోన్ ఎక్కడో పెట్టేశాడు, కట్ చేయడం మరిచిపోయి. తల్లి చెప్పులు ఈడ్చుకుంటూ బయటికి నడిచిన చప్పుడు వినబడింది. రజిత కట్ చేయబోతే నేను ఆపాను. మా ఇంట్లో ఫోన్ ఖర్చు గురించి ఇంత ఉదారంగా ఎవరూ ప్రవర్తించి ఉండరు.

వీధిలోంచి హుస్సేన్‌బీ గొంతు లేచింది.

"ఓ కాజమ్మా! బయటికి రావే! మా యాకూబ్ వాపస్ వచ్చిండే! ఇంక పోడట!"

"ఔనా? ఎన్నడొచ్చిండు?" అంది అవతలి గొంతు.

"ఇప్పుడే" అంది హుస్సేన్‌బీ. "గిప్పుడే వచ్చిండు."